ట్యూషన్ గది గింగురుమంటోంది, గుడ్ల ట్రేలు అంటిస్తే తగ్గుతుందా?

ప్రశ్న (ట్యూషన్ టీచర్, కర్నూలు)

అందరికీ నమస్కారం. నంద్యాల చెక్‌పోస్టు దగ్గర మెయిన్ రోడ్డు మీదనే ఒక పైగది బాడుగకు తీసుకుని రెండు నెలలుగా హైస్కూలు పిల్లలకు ట్యూషన్ చెప్తున్నాను. గది 24 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, ఎత్తు 10. కింద బేతంచెర్ల బండలు, పైన శ్లాబు, గోడలకు పుట్టీ పెట్టి నున్నగా పెయింట్ వేశారు. రోడ్డు వైపు రెండు కిటికీలు, పెరటి వైపు రెండు. సాయంత్రం 25 మంది కూర్చుంటారు.

సమస్య ఏమిటంటే, నేను ఒక మాట అంటే గది నాలుగు మాటలు అంటుంది. తెలుగు డిక్టేషన్ పెడితే చివరి బెంచీ వాళ్లు ‘పూట’ను ‘మూట’ అని, ‘బాట’ను ‘పాట’ అని రాస్తున్నారు. దానికి తోడు రోడ్డు మీద ఆటోలు, బస్సులు, హారన్లు. రాత్రి ఎనిమిదయ్యేసరికి నా గొంతు బొంగురుపోతోంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూస్తే 78 డెసిబెల్స్ చూపిస్తోంది, ఒక్కోసారి 91.

గుడ్ల ట్రేలు అంటించమని ఒకరు చెప్పారు. ఒక షాపులో అడిగితే గోడలన్నిటికీ నల్ల ఫోమ్ వేస్తే 45 వేలు అవుతుంది, బయటి శబ్దం కూడా రాదు అన్నారు. అంత డబ్బు లేదు. పైగా గోడకు మేకు కొడితే ఓనర్ ఊరుకోడు. ఏం చేయమంటారు?

జవాబు (ఆదోని)

అక్కా, ట్రేలు అంటించండి. మా తమ్ముడు వీడియోలు తీసే గదిలో అంటించాడు, పర్వాలేదు. ఖర్చు కూడా ఏమీ ఉండదు.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, అనంతపురం)

అమ్మా, ట్రేల సంగతి తర్వాత. మీకు ఉన్నవి రెండు జబ్బులు. మీరు వాటిని ఒకటే అనుకుంటున్నారు, ఆ షాపువాళ్లు కూడా ఒకటే అన్నట్టు చెప్పారు.

గదిలో పుట్టిన మాట గోడలకు తగిలి తిరిగి తిరిగి రావడం ఒకటి. దానికి మందు మెత్తటివి, గుల్లగా ఉండేవి: దూది, దుప్పట్లు, రాక్‌వుల్ (రాతిని కరిగించి తీసిన నారతో చేసే దూది లాంటి షీటు). ఇవి శబ్దాన్ని పీల్చుకుంటాయి. రోడ్డు చప్పుడు లోపలికి రావడం రెండోది. దానికి మందు బరువు, సందులు లేకపోవడం: ఇటుక గోడ, మందం అద్దం, రబ్బరు పట్టీ. ఇవి శబ్దాన్ని అడ్డుకుంటాయి. ఫోమ్ మొదటి దానికి కొంత పనికొస్తుంది, రెండోదానికి దాదాపు సున్నా. నోటికి దాన్ని అడ్డంపెట్టి ఊదితే ఊపిరి అవతలికి పోతుంది కదా, రోడ్డు చప్పుడూ అలాగే వస్తుంది.

పిల్లలు రాకముందు కిటికీలు, వాకిలి మూసి గది మధ్యలో గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు సాగిపోతుంది చూశారూ, అదే మొదటి జబ్బు. ముందుగా తగ్గించాల్సింది దాన్నే. ‘పూ’కీ ‘మూ’కీ తేడా ఆ మొదటి హల్లులోనే ఉంది, అది రెప్పపాటులో అయిపోతుంది. వెనక అచ్చు బలంగా, పొడుగ్గా ఉంటుంది. ముందు మాట తాలూకు మోత ఇంకా గదిలో తిరుగుతుంటే, తర్వాతి మాటలోని హల్లు దాని కింద పడి నలిగిపోతుంది. మీరు గొంతు పెంచితే మోత కూడా అంతే పెరుగుతుంది. గొంతు పోవడానికి కారణం ఇదే, రోడ్డు ఒక్కటే కాదు.

ఇదే తలనొప్పి 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస గదిలో వచ్చింది. మాట ఐదున్నర సెకన్లు మోగేదట. వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి ఆ పని అప్పగించారు. ఆయన ఊరు సద్దుమణిగాక అర్ధరాత్రుళ్లు పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోసుకొచ్చి, ఎన్ని మెత్తలు పెడితే మోత ఎంతసేపటికి ఆగుతుందో కొలిచాడు. అందులోంచి వచ్చిన సూత్రం చాలా సులభం. గది ఘనపరిమాణాన్ని (ఘనపు మీటర్లలో) 0.161తో గుణించి, గది పీల్చుకునే మొత్తంతో భాగిస్తే మోత ఆగే సమయం సెకన్లలో వస్తుంది.

మీ గదికి వేసి చూశాను. ఘనపరిమాణం దగ్గర దగ్గర 109 ఘనపు మీటర్లు. నున్నటి బండ, శ్లాబు, పెయింట్ గోడ తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లే పీల్చుకుంటాయి. తలుపు, అద్దాలు, బెంచీలు కలిపినా మొత్తం ఆరున్నర యూనిట్లు దాటదు (తన మీద పడిన శబ్దాన్నంతా పీల్చుకునే ఒక చదరపు మీటరు జాగా ఒక యూనిట్). అంటే ఖాళీ గదిలో మోత రెండున్నర సెకన్ల పైనే. పిల్లలు కూర్చుంటే వాళ్ల ఒళ్లు, బట్టలు ఇంకో తొమ్మిది యూనిట్లు పీల్చుకుంటాయి, అప్పుడు 1.1 సెకను. పాఠం తేటగా వినపడాలంటే 0.6, 0.7కి దిగాలి. దానికి ఇంకో పదకొండు పన్నెండు యూనిట్లు కావాలి. రెండంగుళాల రాక్‌వుల్ తన మీద పడిన మాటలో నూటికి 80, 90 పాళ్లు పీల్చుకుంటుంది కాబట్టి 145 చదరపు అడుగులు సరిపోతుంది. నాలుగడుగులు × రెండడుగుల బోర్డులైతే 18. గోడలన్నీ కప్పక్కర్లేదు.

డబ్బు పెట్టేముందు సబైన్ చేసిందే చేయండి. ఇంట్లో ఉన్న దూది పరుపులు, బొంతలు అన్నీ ఒకరోజు గదికి తీసుకెళ్లి చివరి బెంచీ వెనక గోడకు ఆనించండి. బొంతలను గోడకు అంటకుండా రెండు మూడంగుళాలు ఎడం ఉండేలా తాడు మీద వేలాడదీయండి. మళ్లీ చప్పట్లు కొట్టండి, అదే డిక్టేషన్ మళ్లీ పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది.

మా చిన్నప్పుడు మట్టి మిద్దెల్లో ఈ గోలే లేదు. మట్టి గోడ, మూలన గోతాలు, దండెం నిండా బట్టలు. ఇప్పుడు కింద బండ, పైన కాంక్రీటు, మధ్యలో మనం.

ఇక ట్రేలు. పలచటి కాగితపు గుజ్జు, సన్నటి శబ్దాన్ని కాస్త పీల్చుకుంటుంది, మాటలోని బరువైన భాగాన్ని వదిలేస్తుంది. బొద్దింకలకు, బల్లులకు ఇల్లు కట్టిచ్చినట్టు. నిప్పంటితే ఆపలేం. మామూలు ఫోమ్ అంతకన్నా ప్రమాదం. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్ గోడలకు శబ్దం కోసమని వేసిన ఫోమ్‌కు బాణసంచా నిప్పురవ్వలు తగిలి, నిమిషాల్లో విషపు పొగ నిండి 100 మంది చనిపోయారు. ఒకటే వాకిలి ఉన్న పైగదిలో 25 మంది పిల్లల చుట్టూ అది వద్దమ్మా.

ఆదోని

సార్, నిప్పు సంగతి నేను అనుకోలేదు. ఇప్పుడే తమ్ముడికి ఫోన్ చేసి పీకెయ్యమన్నా.

ప్రశ్న అడిగినవారు

సార్, చాలా థ్యాంక్స్. ఆదివారం బొంతలతో చూస్తాను. మరి 78, 91 సంగతి? అది చూస్తేనే టెన్షన్. ఎవరి మీదైనా ఫిర్యాదు చేయొచ్చా?

జవాబు (శబ్దం కొలిచే పనిలో ఉన్నాను, కర్నూలు)

మేడం, ఆ అంకెను మరీ నమ్మకండి. మేము వాడే మీటర్‌ను ప్రతిసారీ పెట్టే ముందు 94 డెసిబెల్స్ పలికే ఒక చిన్న కాలిబ్రేటర్‌తో సరిచూస్తాం. మీ ఫోన్‌ను ఎవరూ సరిచూడలేదు. కవర్ మైక్‌కు అడ్డం ఉండొచ్చు, వేలు తగలొచ్చు, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టొచ్చు. ఐదారు డెసిబెల్స్ అటూ ఇటూ సులభంగా పోతుంది. కానీ అదే ఫోన్, అదే చోట, అదే వేళ పెడితే ‘నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత’ అనేది బాగానే చెప్తుంది. దానికి వాడుకోండి. యాప్‌లో ‘ఏ’ వెయిటింగ్ (మన చెవికి వినపడే తీరుకు తగ్గట్టు అంకెను సర్దేది) పెట్టి, ఎగిరెగిరిపడే అంకె కాకుండా ‘ఎల్‌ఈక్యూ’ అని ఉండేది చూడండి. అది కొలిచిన సేపంతటి శబ్దశక్తి సగటు, పదిహేను నిమిషాలు పెట్టి చూడండి.

ఈ సగటులో ఒక తిరకాసు ఉంది. రోడ్డు పదిహేను నిమిషాలూ నిలకడగా 65లో ఉందనుకోండి. మధ్యలో ఒక్క లారీ మూడు సెకన్లు 95తో ఎయిర్ హారన్ కొట్టిపోతే మొత్తం సగటు 71 దాటిపోతుంది. డెసిబెల్స్ మామూలు కూడికలు కావు మేడం. 70కి 70 కలిస్తే 140 కాదు, 73.

చట్టం విషయానికొస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పగలు (ఉదయం 6 నుంచి రాత్రి 10) వాణిజ్య ప్రాంతంలో 65, నివాస ప్రాంతంలో 55. రాత్రి అయితే 55, 45. సైలెన్స్ జోన్‌గా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40. పరిమితికి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ మించితే ఫిర్యాదు చేయొచ్చు. లౌడ్‌స్పీకర్ మీద ఫిర్యాదు అంటే సరే, ఒక మనిషి ఉంటాడు. రోడ్డంతటి మీద ఎవరి పేరు రాస్తారు? నా మాట వింటే ఆ ఓపిక కిటికీల మీద పెట్టండి.

అన్నట్టు, అంకె ఒకటే అయినా చెవికి అన్నీ ఒకటి కావు. బయట 60తో వాన పడుతుంటే పిల్లలు చదువుకుంటారు, 60తో ఎవడో పక్కన ఫోన్ మాట్లాడుతుంటే చదవలేరు. అందుకే ఇప్పుడు ‘సౌండ్‌స్కేప్’ పరిశోధనలో మీటర్‌తో పాటు మనుషులను కూడా వీధుల్లో నడిపించి, ఏం వినిపిస్తోంది, ఏది బాగుంది, ఏది చిరాకు అని అడిగి రాసుకుంటారు. 2014లో దీనికి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా వచ్చింది. ఒక సాయంత్రం మీ పిల్లలతో ఇదే చేయించండి, ఏ శబ్దానికి పెన్ను ఆగుతోందో వాళ్లనే రాయమనండి.

జవాబు (కార్పెంటర్, కడప)

మేడం, మేకు లేకుండా చేయొచ్చు. పాతకాలం బ్లాక్‌బోర్డు స్టాండు ఉంటుంది కదా, ఆ మాదిరి కాళ్లు పెట్టి చెక్క ఫ్రేములు చేయించండి. ఫ్రేము లోతు రెండంగుళాలు, అందులో రాక్‌వుల్ షీటు, ముందూ వెనకా గుడ్డ బిగించి స్టేపుల్ కొట్టడమే. నేలకు రెండున్నర అడుగుల ఎత్తు నుంచి మొదలవ్వాలి, మాట తిరిగేది ఆ ఎత్తులోనే. గోడకు రెండంగుళాలు ఎడంగా నిలబెట్టండి. ఆ ఖాళీ వల్ల లావు శబ్దం కూడా కొంత తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. వెనక గోడకు ఎనిమిది, పక్క గోడలకు ఐదైదు. పిల్లలు తోస్తే పడకుండా రెండేసి ఫ్రేములకు ఒక పట్టీ కొట్టించండి. వాకిలికి మాత్రం అడ్డం రాకూడదు.

గుడ్డ కొనేటప్పుడు షాపులోనే నోటికి అడ్డంపెట్టి ఊదండి. ఊపిరి అవతలికి పోవాలి. రెక్సిన్ అయితే పోదు, అది వేస్తే లోపల రాక్‌వుల్ పెట్టీ దండగ. షీటు కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా. నేను మొదటిసారి ఉత్త చేతులతో పట్టుకుని రాత్రంతా గీరుకున్నా.

రోడ్డు కిటికీ సంగతి. రాత్రి గదిలో లైటు వేసి బయటికి వెళ్లి చూడండి. రెక్కల సందుల్లోంచి ఎక్కడ వెలుతురు కనపడితే అక్కడ చప్పుడు దూరుతుంది. వేలెడు సందు ఉంటే గోడ ఎంత మందం ఉండీ లాభం లేదు. అంటించే రబ్బరు పట్టీ హార్డ్‌వేర్ షాపులో చుట్టలుగా దొరుకుతుంది, రెక్క ఆనుకునే చోట చుట్టూ వేయండి. వాకిలి కింద సందుకు కూడా.

ప్రశ్న అడిగినవారు

అన్నా, ఏప్రిల్‌లో కిటికీలు మూస్తే ఉడికిపోతాం కదా.

లెక్చరర్, అనంతపురం

రోడ్డు వైపువి మూయండి, పెరటి వైపువి తెరిచి ఉంచండి. ఆ వైపు ఇల్లే అడ్డం కాబట్టి రోడ్డు చప్పుడు చాలా తక్కువ. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకోండి. ఇంకో మాట, తెరిచిన కిటికీలోంచి బయటికి పోయిన మాట తిరిగి రాదు. సబైన్ తన కొలతకు యూనిట్‌గా పెట్టుకున్నదే తెరిచిన కిటికీ. పెరటి కిటికీలు తెరిస్తే గాలీ వస్తుంది, మోతా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు (ఐదు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. బొంతల పరీక్ష చేశాను. మా అమ్మ, అత్త, పక్కింటామె ఇచ్చినవి కలిపి తొమ్మిది బొంతలు, నాలుగు పరుపులు. ఆటోవాడు ఇల్లు మారుతున్నారా అని అడిగాడు. పిల్లలు ఒకటే నవ్వు. కానీ చప్పట్లు కొడితే టప్‌మని అక్కడే ఆగిపోయింది, నాకే ఒళ్లు జలదరించింది. దాంతో ధైర్యం వచ్చి బోర్డులు చేయించాను. 18 చెప్పారు, చేతిలో డబ్బులకు 14 అయ్యాయి. కాటన్ గుడ్డ మా పిన్ని కుట్టింది. మొత్తం 12 వేల లోపే.

ఇరవై మాటల డిక్టేషన్‌లో చివరి బెంచీలో ఒకడికి ఇంతకుముందు 11 కరెక్టు, ఇప్పుడు 18. వాడు చూచిరాశాడేమోనని పక్కన కూర్చోబెట్టి మళ్లీ పెట్టాను, 17. రోడ్డు కిటికీలకు రబ్బరు పట్టీ వేశాక అదే ఫోన్‌లో అదే చోట 7 తగ్గింది. హారన్ వినపడుతుంది, కానీ మాట ఆపాల్సిన పని లేదు. ఓనర్ వచ్చి చూసి, ఇవి గోడకు తగిలిస్తే బాగుండేది కదమ్మా అన్నాడు!

ఇప్పుడు కొత్త సమస్య. మధ్య ఫ్యాన్ టక్ టక్ మంటోంది. ఇన్నాళ్లు ఉందో లేదో తెలియదు, ఇప్పుడు అదొక్కటే వినిపిస్తోంది. పిల్లలు లయగా తలలు ఊపుతున్నారు.

కార్పెంటర్, కడప

ఎప్పటినుంచో ఉండే ఉంటుంది మేడం, మోతలో కలిసిపోయి వినపడలేదు. కరెంటు ఆపి రెక్కల స్క్రూలు, పైన గిన్నె స్క్రూ బిగించి చూడండి. గిన్నె రాడ్‌కు తగులుతున్నా అదే చప్పుడు వస్తుంది. అప్పటికీ ఆగకపోతే బేరింగ్.