నడిసంద్రంలో రాకాసి అల: అస్థిరత పనా, కాకతాళీయమా?

కడలి_కుర్రాడు

సూటిగా అడుగుతున్నాను. చుట్టూ ఉన్న అలలకు రెండింతలు మించిన ఎత్తులో ఒక్క అల హఠాత్తుగా లేస్తుంది, ఓడ మీద పడుతుంది, తర్వాత సముద్రం ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. దీనికి అసలు కారణం మాడ్యులేషనల్ అస్థిరత అని నా వాదన. కాదనేవాళ్లు లెక్కతో రండి.

లోతైన నీటిలో ఒకే ఎత్తు, ఒకే పొడవుతో సాగే అలల వరుస ఎక్కువ దూరం అలాగే నిలబడదని 1967లో బెంజమిన్, ఫెయిర్ చూపించారు. అసలు పౌనఃపున్యానికి అటూ ఇటూ ఉన్న చిన్న అలజడులు అసలు అల నుంచే శక్తిని లాక్కుంటూ ఘాతీయంగా పెరుగుతాయి. మాడ్యులేషనల్ అస్థిరత అంటే ఇదే. మరుసటి ఏడాదే జఖరోవ్ ఈ అలల గుంపుల నడకకు నాన్‌లీనియర్ ష్రోడింగర్ సమీకరణం రాశాడు. ఆ సమీకరణానికి 1983లో పెరిగ్రిన్ ఒక విచిత్రమైన సాధన కనిపెట్టాడు. ఎక్కడి నుంచో వచ్చినట్టు ఒకే చోట, ఒకే ఒక్కసారి మూడింతల ఎత్తుకు లేచి మాయమయ్యే అల అది. చబ్‌చూబ్, హాఫ్‌మన్, అఖ్మెదియెవ్ 2011లో హాంబర్గ్‌లోని నీటి తొట్టెలో దాన్ని నిజంగానే పుట్టించారు. ఇంకేం కావాలి?

లెక్కలపిచ్చి

ఇంకా చాలానే కావాలి తమ్ముడూ. తొట్టెలో పుట్టించగలిగినంత మాత్రాన సముద్రం కూడా అలాగే పుట్టిస్తోందని రుజువైనట్టు కాదు.

ముందు అస్థిరత ఊసే లేని లెక్క చూద్దాం. రకరకాల పొడవుల అలలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కలుస్తున్నాయి, అంటే ఉత్త అధ్యారోపణం అనుకుందాం. అప్పుడు అలల ఎత్తులు దాదాపు రేలీ పంపిణీని, అంటే ఎంత ఎత్తు అల ఎంత తరచుగా వస్తుందో చెప్పే సూత్రాన్ని, అనుసరిస్తాయి. ఏ అలైనా సిగ్నిఫికెంట్ ఎత్తుకు రెండింతలు దాటే అవకాశం e⁻⁸ (e అంటే సుమారు 2.718), అంటే సుమారు 3,000 అలల్లో ఒకటి. 12 సెకన్లకో అల చొప్పున వస్తే 3,000 అలలకు పట్టేది 10 గంటలు. రాకాసి అలకు ఎక్కువమంది వాడే కొలత ఈ రెండింతలే. అంటే ఒక్క తుఫాను రోజులో, ఒకే చోట నిలబడి చూసినా, ఏ మాయా లేకుండానే ఒకటి రావచ్చు. కాకతాళీయమే, కానీ అంత అరుదైన కాకతాళీయం కాదు.

ఉప్పాడ_వాసి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి సార్. ఈ సిగ్నిఫికెంట్ ఎత్తు అంటే ఏంటి? మా వైపు హెచ్చరికల్లో "3 మీటర్ల ఎత్తున అలలు" అని వస్తుంది చూడండి, అదీ ఇదీ ఒకటేనా?

లెక్కలపిచ్చి

ఏమనుకోవడం దేనికండీ, అడగాల్సిన ప్రశ్న. అలలన్నింటినీ ఎత్తు ప్రకారం వరసపెట్టి, పైనున్న మూడో వంతుకు సగటు కడితే వచ్చేదే సిగ్నిఫికెంట్ ఎత్తు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచనల్లో మామూలుగా ఉండేది ఇదే. కాబట్టి 3 మీటర్లు అంటే గరిష్ఠం 3 మీటర్లని కాదు. అదే సముద్రంలో కొన్ని గంటలుంటే 6 మీటర్ల అల ఎదురుకావచ్చు. బోటు వేసుకుని వెళ్లేవాళ్లకు ఈ ముక్క ఎవరూ విడమరచి చెప్పరు, నాకు అదే బాధ.

కడలి_కుర్రాడు

మాస్టారూ, సులువైనది ఎంచుకుని లెక్క కట్టారు. డ్రాప్‌నర్ అల సంగతి చెప్పండి.

తెలియనివాళ్ల కోసం: 1995 జనవరి 1న నార్వే వైపు ఉత్తర సముద్రంలో, డ్రాప్‌నర్ గ్యాస్ ప్లాట్‌ఫామ్ మీద కిందికి చూసే లేజర్ కొలిచిన అల ఇది. అప్పుడు సిగ్నిఫికెంట్ ఎత్తు దాదాపు 12 మీటర్లు. ఈ ఒక్క అల ఎత్తు 25.6 మీటర్లు. మామూలు నీటి మట్టం నుంచి శిఖరం 18.5 మీటర్లు, అంటే ఎత్తులో ముప్పావు వంతు దాకా పైనే ఉంది. ఉత్త అధ్యారోపణంలో శిఖరం, పల్లం సగం సగం ఉండాలి. అంత శిఖరానికి మీ రేలీ లెక్క ఎంత అవకాశం ఇస్తుంది?

లెక్కలపిచ్చి

కట్టి చూశాను. ఎత్తు వరకైతే సుమారు 10,000 అలల్లో ఒకటి, పెద్ద వింత కాదు. శిఖరానికి మాత్రం దాదాపు 20 కోట్ల అలల్లో ఒకటి, అది నమ్మశక్యం కాదు. ఒప్పుకుంటాను.

కానీ ఇక్కడే రెండు వేర్వేరు సంగతులను మీరు ఒకే గాట కడుతున్నారు. అలలు నాన్‌లీనియర్, అంటే ఉత్తగా కూడితే సరిపోనివి, అనడం ఒకటి, అవి అస్థిరం అనడం ఇంకొకటి. నిజమైన అలకు శిఖరం కోసుగా, పల్లం చదునుగా ఉంటుందని స్టోక్స్ 1847లోనే చెప్పాడు. అది అలతో పాటే అంటిపెట్టుకుని ప్రయాణించే రెండో క్రమపు సవరణ, అంటే ఉత్త కూడిక లెక్క మీద చేర్చే మొదటి చిన్న దిద్దుబాటు. దానికి పెరగడానికి సమయం అక్కర్లేదు, ఎవరి శక్తినీ లాక్కోదు. డ్రాప్‌నర్ శిఖరం నుంచి ఆ సవరణను తీసేస్తే మిగిలేది దాదాపు 15 మీటర్లు. దానికి మళ్లీ రేలీ కడితే రెండు మూడు లక్షల్లో ఒకటి వస్తుంది. అంటే అంతటి తుఫాను నెలా నెలన్నర ఏకబిగిన వీస్తే ఒకసారి. ఒక తుఫానుకి ఎక్కువే, నిజమే. కానీ ఉత్తర సముద్రంలో ఎన్ని ప్లాట్‌ఫామ్‌లు, ఎన్నేళ్లుగా, ఎన్ని తుఫానులు చూశాయి? అందులో అన్నింటికన్నా పెద్దదాన్ని ఏరుకొచ్చి "ఇది అసాధ్యం కదా" అంటే ఎలా?

ట్యాంక్‌ల్యాబ్

ఓషన్ ఇంజనీరింగ్ చదువుతున్నాను, అలల తొట్టెలతోనే నా పని. కడలి_కుర్రాడు గారూ, హాంబర్గ్ తొట్టెలో అల ఒకే దిశలో పోతుంది, పక్కకు చెదరడానికి గోడలు ఒప్పుకోవు. దాన్ని బట్టి నడిసంద్రాన్ని చెప్పడం గొట్టంలో నీళ్లు చూసి గోదావరి గురించి చెప్పినట్టే.

ఒనొరాటో బృందం ట్రాండ్‌హైమ్‌లోని పెద్ద బేసిన్‌లో సరిగ్గా ఇదే పరీక్షించింది, 2009లో ప్రచురించింది. అలలన్నీ దాదాపు ఒకే దిశలో వెళ్తున్నప్పుడు పెద్ద అలల సంఖ్య రేలీనీ, రెండో క్రమపు సవరణనూ దాటిపోయింది. దిశలు విప్పారేకొద్దీ ఆ అదనం కరిగిపోయింది. తుఫాను సముద్రంలో అలలు ఎప్పుడూ విప్పారే ఉంటాయి. అస్థిరత లేదని కాదు, దానికి దొరకాల్సిన పరిస్థితి అక్కడ దొరకడం కష్టం.

లెక్కలపిచ్చి

దీనికి సమయం లెక్క కూడా చేరుస్తాను. అల నిటారుతనం 0.1 అనుకుంటే, అత్యంత వేగంగా పెరిగే అలజడి కూడా 2.7 రెట్లు కావడానికి సుమారు 32 పీరియడ్లు (ఒక పీరియడ్ అంటే ఒక అల దాటడానికి పట్టే సమయం) పట్టాలి. 12 సెకన్ల అలకు ఆరు నిమిషాల పైమాటే. అంతసేపూ ఆ గుంపు చెదరకుండా ఉండాలి. నిజం సముద్రంలో పౌనఃపున్యాలు ఎంత వెడల్పుగా పరుచుకుని ఉంటాయంటే, కొన్ని అలలు దాటేసరికే గుంపు రూపు మారిపోతుంది. ఈ పౌనఃపున్యాల పట్టీ ఒక హద్దు మించి వెడల్పైతే అస్థిరత పూర్తిగా ఆగిపోతుందని ఆల్బర్ 1978లోనే చూపించాడు. పైగా లోతు కూడా చూడాలి: తరంగ సంఖ్యను (2πని అల పొడవుతో భాగిస్తే వచ్చేది) లోతుతో గుణిస్తే 1.363 కంటే తగ్గే చోట, ఒకే దిశలో సాగే వరుసకు ఈ అస్థిరత ఉండదు. డ్రాప్‌నర్ దగ్గర లోతు 70 మీటర్లే. ఆ పొడవు అలలకు హద్దు దాటినా ఎంతో దాటదు.

2016లో ఫెదెలే, డయాస్ తదితరులు డ్రాప్‌నర్, ఉత్తర సముద్రంలోదే అయిన ఆండ్రియా, ఐర్లాండ్ తీరంలోని కిల్లార్డ్, ఈ మూడు అలలనూ విశ్లేషించి, మాడ్యులేషనల్ అస్థిరత అవసరమే లేదని తేల్చారు.

కడలి_కుర్రాడు

తేల్చారు అనకండి, వాదించారు అనండి. మూడు అలలతో తేలిపోయేదైతే ఇంతమంది ఇంకా ఎందుకు కొట్టుకుంటున్నారు?

గుంపులు చెదిరిపోతాయన్నది సగటు మాట. సగటుకి రాకాసి అలతో పనేముంది? వేల గుంపుల్లో ఏదో ఒకటి సన్నటి పట్టీతో, ఎక్కువ నిటారుగా, ఒకే దిశలో కాసేపు నిలిస్తే చాలు. మీ లెక్కలో మిగిలిపోయిన "రెండు మూడు లక్షల్లో ఒకటి" ఉందే, అక్కడ దూరడానికి నా అస్థిరతకు చోటుంది. మీరు దాన్ని అదృష్టం ఖాతాలో రాసేశారు, అంతే.

సెకండ్‌మేట్_వైజాగ్

అన్నలూ, మీ సమీకరణాలు నాకు సగమే తెలుసు కానీ, ఒక చోటు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? దక్షిణాఫ్రికా ఆగ్నేయ తీరం. అగుల్హాస్ ప్రవాహం నైరుతికి పరిగెడుతుంటుంది, దక్షిణ సముద్రం నుంచి స్వెల్ (దూరపు తుఫానుల్లో పుట్టి వచ్చే పొడవాటి అలలు) దానికి ఎదురొస్తుంది. నైరుతి గాలి బలంగా వీచినప్పుడు 200 మీటర్ల లోతు గీతకు లోపల, తీరం వైపు ఉండమని మాకు సలహా ఉంటుంది, ఎందుకంటే ప్రవాహం ఉధృతి ఆ గీత బయటే. బల్క్ క్యారియర్ (సరుకు ఓడ) మీద అటు వెళ్లేటప్పుడు బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, ఉండే టెన్షన్ వేరు. అక్కడ పెద్ద అలలు కాకతాళీయమంటే మా కెప్టెన్ నవ్వుతాడు.

ట్యాంక్‌ల్యాబ్

మంచి ఉదాహరణ, కాకపోతే ఇద్దరికీ పనికొస్తుంది. ఎదురు ప్రవాహం అలను కుదించి నిటారుగా చేస్తుంది, పైగా అలల దారులను వంచి ప్రవాహం నడిమికి లాగుతుంది. ఆ వంపు మాత్రం ఉత్త లీనియర్ పనే. అయితే నిటారుతనం పెరిగితే అస్థిరత కూడా ఊపందుకుంటుంది. అది వర్గంతో పెరుగుతుంది కాబట్టి కాస్త కుదింపు కూడా లెక్కలోకి వస్తుంది. కడలి_కుర్రాడు గారి పక్షం గెలిచే చోటు ఏదైనా ఉంటే అగుల్హాసే అని నా అంచనా. డ్రాప్‌నర్ మాత్రం కాదు.

డ్రాప్‌నర్‌కు ఇంకో ఆనవాలు ఉంది. ఒకే దిశలో వచ్చే పెద్ద అలల గుంపు కింద సగటు నీటి మట్టం కాస్త దిగాలి. ఆ రికార్డులో దిగలేదు, పైకి లేచింది. రెండు అలల గుంపులు పెద్ద కోణంలో అడ్డంగా కలిస్తేనే అలా జరుగుతుందని యాడ్‌కాక్ వాళ్లు 2011లో ఎత్తి చూపారు. 2019లో ఎడిన్‌బరోలోని గుండ్రటి తొట్టెలో మెక్‌అలిస్టర్ బృందం రెండు గుంపులను 120 డిగ్రీల్లో కలిపి ఆ అలను చిన్న స్కేలులో తిరిగి పుట్టించింది. ఒకే దిశలో అయితే శిఖరం అంత ఎత్తుకు చేరక ముందే విరిగిపోయింది. అడ్డంగా కలిసినప్పుడు విరిగే తీరే మారిపోయి, నీరు నిట్టనిలువుగా పైకి చిమ్మింది. నాకు ఇందులో నచ్చేది ఇదే: మీరిద్దరూ అల ఎలా పెరుగుతుందనే దాని మీదే కొట్టుకుంటున్నారు, అది ఎప్పుడు విరుగుతుందన్నది పక్కన పెట్టేశారు.

కడలి_కుర్రాడు

విరగడమూ నాన్‌లీనియరే కదా! అయినా ఒకే చోట కొలిచిన 20 నిమిషాల లేజర్ రికార్డు నుంచి ఆ గుంపు అంతకు ముందు పది నిమిషాలు ఎక్కడెలా నడిచిందో మీరు చెప్పలేరు. అస్థిరత జరిగేది ఆ నడకలోనే. స్టీరియో కెమెరాలతో సముద్రం ఉపరితలాన్ని ముక్కముక్కగా చూపండి, గుంపు పెరుగుదల కనపడకపోతే అప్పుడు మాట్లాడదాం.

లెక్కలపిచ్చి

వెనిస్ బయట ఆక్వా ఆల్టా టవర్ మీద ఆ కెమెరాలు పెట్టి చూశారు. విస్తీర్ణంలో చూస్తే, ఒక బిందువు దగ్గర కంటే పెద్ద అలలు ఎక్కువే దొరికాయి, కానీ ఆ పెరుగుదల అధ్యారోపణానికి రెండో క్రమపు సవరణ కలిపిన లెక్కకే అందింది. అయితే అది ఏడ్రియాటిక్, అలలు చిన్నవి, నిజమే. 12 మీటర్ల సముద్రంలో అలాంటి కొలతలు వస్తే నేనే ఇక్కడ పెడతాను.

సెకండ్‌మేట్ గారూ, ఐరోపా వాతావరణ కేంద్రం సూచనల్లో సిగ్నిఫికెంట్ ఎత్తుతో పాటు గరిష్ఠ అల ఎత్తు అంచనా కూడా ఉంటుంది. మీ ఓడకు వచ్చే బులెటిన్‌లో ఆ రెండో అంకె ఉంటుందా?

సెకండ్‌మేట్_వైజాగ్

రూటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ లేయర్ ఉంది అన్నా, ఎవరూ తెరవరు. ఈసారి కేప్ దాటేటప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.