అప్‌డేట్: జింకల వేటకు 12 గేజా, 20 గేజా?

ఒహాయోలో జింకల వేటకు షాట్‌గన్ స్లగ్‌లు (తూటాకు ఒకే పెద్ద గుండు ఉండేవి) కొనాలి, 12 గేజ్ తప్పదా, 20 సరిపోతుందా అని పోయిన నెల అడిగాను. గేజ్ అంటే తుపాకీ గొట్టం వెడల్పు కొలత, అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దది. శనివారం రేంజ్‌కి వెళ్లి రెండూ కాల్చి చూశాను.

12 గేజ్ స్లగ్ ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. 20ది ముప్పావు ఔన్సు. డబ్బాల మీద వేగం రెండింటికీ సెకనుకు 1600 అడుగులే, కాబట్టి 20 గేజ్ దెబ్బలో బలం పావు వంతు తక్కువ. కాగితం మీద 12దే గెలుపు.

కానీ 50 గజాల్లో 12తో మొదటి మూడు గుండ్లు మూడంగుళాల్లో పడ్డాయి. ఐదోదానికి భుజం నొప్పి పుట్టింది. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కకముందే ఒళ్లు బిగుసుకుపోయి, గుండ్లు అన్నం పళ్లెమంత మేర చెదిరిపోయాయి. 20తో పదికి పది నాలుగంగుళాల్లోనే! జింక గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడుతూ చావడం నాకు అస్సలు ఇష్టం లేదు. అందుకే 20 తీసుకున్నాను.

సాబో స్లగ్‌లు (ప్లాస్టిక్ తొడుగులో ఉండే సన్నటి గుండ్లు) వాడమన్నవారికి: వాటికి రైఫిల్డ్ బ్యారెల్ (లోపల మెలి గాడులున్న గొట్టం) ఉంటేనే ఫలితం, నాది నున్నటి బ్యారెల్. 100 గజాల్లో గుండ్లు బాగా చెదిరాయి, కాబట్టి 75 దాటి కాల్చను.