థ్రాటిల్ బాడీ కూలెంట్ బైపాస్ చేస్తే టర్బో బండిలో గాలి చల్లబడుతుందా?

డాలస్ కుర్రాడు:
అందరికీ నమస్కారం. నాది 2011 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఇంజన్ అంతా స్టాకే, కంపెనీ ఇచ్చినట్టే ఉంది. ఇక్కడ డాలస్‌లో జులై వచ్చిందంటే 102 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 39 డిగ్రీలు. సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి కదిలితే బండి బద్ధకంగా లాగుతోంది. బండి సెన్సర్ల అంకెలు చూపించే ఓబీడీ యాప్‌లో చూస్తే ఇన్‌టేక్ టెంపరేచర్ (ఇంజన్ పీల్చే గాలి వేడి) 60 డిగ్రీలు దాటుతోంది. థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి పోయే గాలిని రేకుతో అదుపు చేసే భాగం) లోకి వేడి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) తెచ్చే గొట్టాన్ని, తీసుకెళ్లే గొట్టాన్ని ఊడదీసి రెంటినీ కలిపేస్తే గాలి చల్లబడుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. చెయ్యొచ్చా? ఇంజన్‌కి ఏమైనా అవుతుందా?

పానా పట్టిన చెయ్యి:
చెయ్యొచ్చు తమ్ముడూ, ఇంజన్‌కి ఏమీ కాదు. కాకపోతే నువ్వు అనుకుంటున్న లాభం రాదు.

ముందు ఆ 60 సంగతి చూద్దాం. నీ బండిలో ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన, లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌లోనే ఉంటుంది. అంటే గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే టర్బోకి ముందు. థ్రాటిల్ బాడీ వచ్చేది టర్బో, ఆ నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక. కాబట్టి అక్కడ నువ్వు ఏం చేసినా యాప్‌లో అంకె మారదు. "బైపాస్ చేశాక పది డిగ్రీలు తగ్గింది" అని ఈ బండ్లవాళ్లు ఎవరైనా స్క్రీన్‌షాట్ పెడితే, ఆ రోజు ఎండ తగ్గిందని అర్థం.

ఇక గాలి లెక్క. నీ ఇంజన్ 265 హార్స్‌పవర్ తీస్తున్నప్పుడు సెకనుకు సుమారు 200 గ్రాముల గాలి పీలుస్తుంది. అంత గాలిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే 200 వాట్లు కావాలి. థ్రాటిల్ లోపలి గోడ మొత్తం కలిపితే అరచేయంత ఉంటుంది. గాలి అందులో ఉండేది సెకనులో వందో వంతు కూడా కాదు. గోడ 90 డిగ్రీలున్నా, ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే గాలి 50 ఉన్నా, పెరిగేది ఒక డిగ్రీ అటూ ఇటూ. అదే టర్బో దగ్గర చూడు: 39 డిగ్రీల గాలిని 14 పీఎస్ఐ ఒత్తిడికి నొక్కితే 130 దగ్గరికి పోతుంది. అసలు వేడి అక్కడ పుడుతోంది. దాన్ని దించాల్సింది ఇంటర్‌కూలర్.

ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, గాలి నెమ్మదిగా పోతుంది కాబట్టి థ్రాటిల్ గోడ వేడి కాస్త ఎక్కువే అంటుకుంటుంది. కానీ ఐడిల్‌లో పవర్‌తో మనకేం పని?

డాలస్ కుర్రాడు:
అన్నా, మరి మా ఫ్రెండ్ బండిలో బైపాస్ చేశాక థ్రాటిల్ మీద చెయ్యి పెడితే నిజంగానే చల్లగా ఉంది. నేనే ముట్టుకుని చూశా.

పానా పట్టిన చెయ్యి:
లోహం చల్లబడింది, కాదనను. దానిలోంచి దూసుకుపోయే గాలికి ఆ విషయం తెలిసే టైమ్ ఉండదు.

మిషిగన్ మంచు:
ఒక మాట. ఆ కూలెంట్ పెట్టింది ఐసింగ్ రాకుండా. యాక్సిలరేటర్ తక్కువ తొక్కినప్పుడు థ్రాటిల్ రేకు దగ్గర ఒత్తిడి పడిపోయి గాలి ఇంకా చల్లబడుతుంది, అందులో తేమ గడ్డకట్టి రేకు అంచుకి పట్టేస్తుంది. సున్నాకి అటూ ఇటూ ఉండి చినుకులు పడే రోజు దీనికి మరీ చెడ్డది. మైనస్ 20లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ భయం కొంత తక్కువే. రేకు ఇరుక్కుంటే మీ ఎలక్ట్రానిక్ థ్రాటిల్ లింప్ మోడ్‌లోకి (పవర్ బాగా తగ్గించి నడిపే రక్షణ స్థితి) పోతుంది. డాలస్‌లో చలేముంది అనకండి, 2021 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 19 పడింది. మా దగ్గరైతే నేను ఆ గొట్టాల జోలికే పోను.

హైదరాబాద్ టీఎస్ఐ:
నాది స్కోడా స్లావియా 1.0 టీఎస్ఐ, టర్బో ఇంజనే. మనకూ ఇదే లెక్కనా?

పానా పట్టిన చెయ్యి:
మీకు ఇంకా అనవసరం అండీ. మీ ఇంజన్‌లో ఇంటర్‌కూలర్ సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంది, థ్రాటిల్ దానికి ముందు. థ్రాటిల్ దగ్గర గాలికి ఏ కాస్త వేడి తగిలినా తర్వాత ఇంటర్‌కూలర్ దాన్ని లాగేస్తుంది. ఆ ఇంటర్‌కూలర్ నీళ్లకి వేరే సర్క్యూట్, వేరే ఎలక్ట్రిక్ పంపు. వారంటీ ఉన్న బండిలో గొట్టాలు కోయకండి.

డాలస్ తమ్ముడికి అసలు జవాబు: నీ ఇంటర్‌కూలర్ ఇంజన్ నెత్తిమీద కూర్చుంది. ఆగినప్పుడు కింది వేడంతా దానికే పడుతుంది, కదిలాక గాలి తగిలేదాకా బద్ధకం పోదు. బానెట్ ఎత్తి, దాని మీద గాలి లోపలికి తీసే నోరు లాంటి స్కూప్ కింద ఉండే నురుగు సీల్ చూడు. అది చిరిగినా, చివర్లు ఎండి ముడుచుకున్నా స్కూప్ గాలి ఇంటర్‌కూలర్‌లోంచి పోకుండా పక్కలకి జారిపోతుంది. ఇంటర్‌కూలర్ రెక్కల్లో ఆకులు, పురుగులు ఉంటే మెత్తటి బ్రష్‌తో దులుపు. ప్రెషర్ వాషర్ పెట్టావంటే రెక్కలు వంగిపోతాయి. తర్వాత టర్బో నుంచి థ్రాటిల్ దాకా క్లాంపులన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో చూడు. లీకుంటే టర్బో ఎక్కువ తిరిగి గాలిని ఇంకా వేడెక్కిస్తుంది.

డాలస్ కుర్రాడు:
సీల్ ఒక పక్క సగం ఊడి వేలాడుతోంది అన్నా! ముందు అది మారుస్తా. అయినా బైపాస్ కూడా చేసి చూద్దామని ఒక ఇది.

పానా పట్టిన చెయ్యి:
సరే, సరదా తీర్చుకో. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్రెషర్ క్యాప్ తియ్యి. గొట్టం లోపలి కొలతకి సరిపడే జాయినర్ పెట్టి రెండు చివర్లా క్లాంపు వెయ్యి. గొట్టాలకి బిరడాలు కొట్టి వదిలెయ్యకు, ఆ దారి మూసుకుపోకూడదు. కోయకుండా కలిపితే చలికాలంలో మళ్లీ పెట్టుకోవచ్చు. వెలితి పడిన కూలెంట్‌ని మెల్లగా పోసి గాలి బయటికి పంపు, ఈ ఇంజన్లలో గాలి బుడగలు మొండివి. హీటర్ ఫుల్‌లో పెట్టినా చల్లగాలి వస్తోందంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టే, అలా నడపకు.

పాత కేబుల్ థ్రాటిల్ బండ్లవాళ్లకి ఒక హెచ్చరిక: కొన్నిటిలో ఐడిల్ వాల్వ్ కూలెంట్ వేడిని బట్టే మూసుకుంటుంది. బైపాస్ చేస్తే ఐడిల్ ఎంతకీ దిగదు.

డాలస్ కుర్రాడు:
కూలెంట్ ఏది పోయాలి? ఇంట్లో పచ్చరంగుది ఉంది.

పానా పట్టిన చెయ్యి:
అది వద్దు. సుబారు నీలం కూలెంటే పొయ్యి, నీళ్లు కలిపే పని లేదు. కింద ఒలికింది వెంటనే కడిగెయ్యి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, వాటికి అది విషం.