వెలుతురుతో పనిచేసే క్యాన్సర్ మందు, దానికి నానో బండి: నిజమెంత?

మౌలాలి_రవి:
మా బాబాయికి నోట్లో గడ్డ. బయాప్సీ అయింది, సర్జన్ గారు ఆపరేషన్ అన్నారు. ఇంతలో ఫ్యామిలీ గ్రూపులో వీడియో వచ్చింది: నానో కణాలు మందును నేరుగా గడ్డలోకి మోసుకెళ్తాయట, లైట్ వేస్తే మాయమట. బాబాయి ఆపరేషన్ ఆపమంటున్నాడు.

తార్నాక_ల్యాబ్:
ఆపనివ్వకండి. మేం చేసే పనే ఇది, అయినా చెప్తున్నా.
ఫోటోడైనమిక్ థెరపీలో, అంటే ఈ వెలుతురు వైద్యంలో, మందు, కాంతి, కణంలోని ఆక్సిజన్ మూడూ కలిస్తేనే సింగ్లెట్ ఆక్సిజన్ (ఆక్సిజన్‌కే బాగా చురుకైన రూపం) పుట్టి కణాన్ని చంపుతుంది. అది పుట్టిన చోటు నుంచి కణం దాటేంత దూరం కూడా పోదు. ఈ మందుల్లో చాలావాటికి నీళ్లు పడవు. మరిగే నీళ్లలో గబుక్కున పోసిన ఉప్మా రవ్వలా ఉండ కడతాయి. ఉండ కట్టాక ఎంత కాంతి వేసినా శక్తి ఎక్కువగా వేడిగా పోతుంది. లైపోజోమ్ అనే సన్నటి కొవ్వు బుడగలోనో పాలిమర్‌తో చేసిన నానో కణంలోనో పెడితే విడివిడిగా ఉంటాయి. నానోతో నికరంగా దక్కేది ఇదేనని నా లెక్క.
'నేరుగా గడ్డలోకి' అన్నది 1986లో జపాన్‌లో మత్సుమురా, మయేదా అనే పరిశోధకులు చెప్పిన మాట. గడ్డలోని రక్తనాళాలకు సందులెక్కువ, నానో కణాలు అందులోంచి గడ్డలోకి కారి నిలిచిపోతాయి. ఎలుకల్లో బాగానే కనిపిస్తుంది. మనుషుల్లో గడ్డకూ గడ్డకూ తేడా.

మల్కాజిగిరి_లక్ష్మి:
క్యాన్సర్ కాదు గానీ, మా అమ్మకు కంట్లో రెటీనా కింద రక్తనాళాల జబ్బుకి ఇలాంటిదే ఇచ్చారు. విసుడైన్. మందు లైపోజోమ్‌లోనే ఉంటుందట. చేతికి ఎక్కించి, మొదలుపెట్టిన పావుగంటకి కంట్లో లేజర్, 83 సెకన్లు. అయిదు రోజులు ఎండకి వెళ్లొద్దన్నారు. మే నెల మరి! కర్టెన్లన్నీ వేసి చీకట్లో కూర్చోబెట్టా. ఫోన్ చేస్తే డాక్టరమ్మ కేకలేశారు: "ఇంట్లో మామూలు వెలుతురు ఉండాలమ్మా, చర్మంలో మిగిలిన మందు దానికే విరుగుతుంది!"

పాత_ఫార్మా_కాపు:
క్యాన్సర్‌కి ఇచ్చే ఇలాంటి మందే ఫోటోఫ్రిన్, దానికైతే నెల రోజులైనా ఎండ కూడదు. చూశారా లైపోజోమ్ మహిమ.

తార్నాక_ల్యాబ్:
కాపు గారూ, ఆ ఘనతంతా లైపోజోమ్‌ది కాదు. విసుడైన్‌లోని అణువే ఒంట్లోంచి త్వరగా పోతుంది.
ఎండ మాట వచ్చింది కాబట్టి: ఒకసారి నా చీకటి ప్లేటుకు (మందు వేసి, పోలిక కోసం వెలుతురు తగలనివ్వని కణాలుండే ప్లేటు) ఫాయిల్ చుట్టడం మరిచి టీకి పోయా. పైన ట్యూబ్‌లైటే. మర్నాడు చూస్తే ఆ పోలిక కణాలూ చచ్చిపోయాయి, మూడు వారాల పని బూడిద.

మౌలాలి_రవి:
నోట్లో గడ్డే కదా అన్నా, లైట్ అందదా?

తార్నాక_ల్యాబ్:
పైపైన ఉంటే అందుతుంది. ఎర్ర కాంతి కూడా సెంటీమీటర్ లోతుకు పోవడం కష్టం. మీ బాబాయి గడ్డ ఎంత లోతో స్కాన్ చూసిన సర్జన్‌కే తెలుసు, ఆయన్నే అడగండి.

మౌలాలి_రవి:
అడిగాం. లోతుగానే ఉందన్నారు. బాబాయికి ఉప్మా రవ్వ కథ చెప్పా, పిన్ని ఉప్మా గుర్తొచ్చి నవ్వాడు. సోమవారం అడ్మిషన్.