నాన్నగారి చేతులు రాత్రిపూట మంచానికి కడుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న:
నాన్నగారికి 81. గుంటూరులో ఒక ప్రైవేట్ వృద్ధాశ్రమంలో ఉన్నారు. మతిమరుపు ముందునుంచీ ఉంది, తుంటి ఆపరేషన్ అయ్యాక నడక తగ్గింది. మొన్న విజయవాడ నుంచి చెప్పకుండా వెళ్తే రెండు మణికట్ల మీదా ఎర్రగా వాతలు, మంచం కమ్మీకి ముడేసిన చున్నీ ముక్క ఇంకా వేలాడుతోంది. అడిగితే "యూరిన్ పైపు లాగేసుకుంటున్నారమ్మా, పడిపోతే మళ్ళీ మమ్మల్నే అంటారు, రాత్రికి ఉన్నది ఒక్క ఆయా" అన్నారు. కడుపు తరుక్కుపోయింది. ఇది అన్నిచోట్లా మామూలేనా?

జవాబు 1:
మామూలుగా జరుగుతోంది, కానీ జరగకూడదు అక్కా. నేను నర్సుని. ముందు ఆ పైపు ఇంకా ఎందుకుందో డాక్టర్ని అడగండి. అవసరం తీరినా తీయకుండా వదిలేస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఈ వయసులో ఇన్‌ఫెక్షన్ వస్తే ఒక్కోసారి జ్వరం కూడా లేకుండానే మనిషి అయోమయంలో పడిపోతారు, ఆ అయోమయంలో పైపు లాగుతారు, లాగుతున్నారని చేతులు కడతారు. నొప్పి, మలబద్ధకం, కొత్తగా మొదలెట్టిన నిద్రమాత్ర వల్ల కూడా ఇలా అవుతుంది. కడితే పడరనుకోవద్దు, విడిపించుకుని కమ్మీ ఎక్కబోతే ఇంకా ఎత్తు నుంచి పడతారు. కదలికలేక కండ కరిగిపోతుంది, నడుం కింద పుండ్లు పడతాయి. కట్టొద్దన్నారని మత్తుమాత్ర పెంచితే ఒప్పుకోకండి, అదీ కట్టెయ్యడమే.

జవాబు 2:
స్టాఫ్ తక్కువ అన్నది కారణమే కాదండీ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 97 మానసిక చికిత్సాలయాల్లోనే ఆ సాకుతో రోగిని కట్టకూడదంటోంది. అప్పటికప్పుడు జరగబోయే హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్ట్ అనుమతితోనే కట్టాలి. మీ ఆశ్రమం ఆ చట్టం కిందకి రాకపోవచ్చు, అయినా అక్కడే కూడని పని ఇక్కడెలా చేస్తున్నారని మేనేజర్‌కి కాగితం మీద రాసివ్వండి. వినకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

జవాబు 3:
మా అత్తగారిని సత్యనారాయణపురంలో ఇంట్లోనే చూసుకుంటున్నాం, ఆవిడా రాత్రిళ్ళు లేచేస్తారు. గమనిస్తే లేచేది బాత్రూమ్‌కే, చెప్పలేకపోతున్నారంతే. పడుకునే ముందు, మళ్ళీ తెల్లవారుజామున మేమే తీసుకెళ్తున్నాం, చిన్న లైటు వేసి ఉంచుతాం, పరుపు నేలమీదే. మీ నాన్నగారికి తుంటి ఆపరేషన్ కాబట్టి నేలమీద వద్దు, ఎత్తు తక్కువ మంచం అడగండి. ఆ ఆయాని మాత్రం కోప్పడకండి, ఆయన ఏ టైముకి లేస్తున్నారో, లేచి ఏమడుగుతున్నారో ఆవిడకి తెలిసినంత మేనేజర్‌కి తెలియదు.