అమెరికాలో చమురు పొంగితే పర్లాకిమిడి బంకులో రేటు అంతగా ఎందుకు దిగలేదు?

నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఒక్కటే లారీ, యజమానినీ నేనే, డ్రైవరునూ నేనే. పాతపట్నం వైపు వెళ్లే ముందు ట్యాంకు ఇక్కడే నింపుకుంటాను, ఆంధ్రలో పన్ను ఎక్కువ కాబట్టి. డీజిల్ రేటు నాకు రాశిఫలం లాంటిది, పొద్దున్నే చూడందే బండి తీయను.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి మొన్న పైన రాసిన ప్రశ్నే అడిగి నన్ను ఇరుకున పెట్టింది. అమెరికాలో రాతిపొరలను పగలగొట్టి షేల్ చమురు తీయడం పుంజుకున్నాక, 2008లో రోజుకు సుమారు 50 లక్షల పీపాలున్న (బ్యారెళ్లున్న) ముడి చమురు ఉత్పత్తి 2019కి 120 లక్షలు దాటింది. 2014 మధ్యలో 100 డాలర్లకు పైనున్న పీపా 2016 మొదట్లో 30 కిందికి పడింది. ఆ దేశపు చమురు 2017లో మన పారాదీప్ రేవులోనే దిగింది. మరి నాకేం మిగిలింది? 2014 నవంబరు, 2016 జనవరి మధ్య కేంద్రం పెట్రోలు, డీజిల్‌పై ఎక్సైజ్ సుంకం తొమ్మిదిసార్లు పెంచింది, అది తెలుసు. తగ్గిన ధరలో సుంకానికి ఎంత పోయిందో, రూపాయి విలువ పడిపోవడానికి ఎంత పోయిందో విడదీసి లెక్క కట్టడం ఎలా?

ఇంకో సందేహం. అమెరికాలోని ఆ షేల్ చమురు బావులకు ఇసుక, నీళ్లు తోలేది కూడా లారీలే. ధర పడగానే అక్కడ తవ్వకాలు తగ్గి చాలామందికి పని పోయింది. అంటే డీజిల్ చౌకైన రోజునే బాడుగ కూడా పోయిందన్నమాట! టెక్సాస్‌లో ఉన్న తెలుగువారెవరైనా చెప్పండి: అక్కడి లారీవాడు చివరికి లాభపడ్డాడా, నష్టపోయాడా?