కలడు, కలండు: నాలుగో పాదంలో పోయిన మాత్ర

శ్రుతిపెట్టె
ఈమధ్య వచ్చిన ఒక ఎక్స్‌పెరిమెంటల్ హిప్ హాప్ ట్రాక్‌లో గజేంద్రమోక్షం కందాన్ని కోసి, నాలుగు బార్ల లూప్ మీద పెట్టారు. "కలడందురు దీనులయెడ" పద్యమే. చివరి పాదం మాత్రం ఎన్నిసార్లు విన్నా "కలడు కలడనెడివాడు కలడో లేడో" అనే వినబడుతోంది. పుస్తకంలో ఎక్కడో సున్న ఉండాలి, ఎక్కడన్నది పట్టు చిక్కడం లేదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. "అనెడివాడు" ఇక్కడ "అనబడేవాడా", లేక "అనేవాడా"? తర్వాతి వెర్స్‌లో ర్యాపర్ రెండో అర్థం మీదే నడిచాడు: కలడు కలడని అరుస్తున్నవాడు అసలు తాను ఉన్నాడా అని. పోతన వాక్యం ఈ అర్థాన్ని మోస్తుందా?

నలగణం
సున్న రెండో మాటలో. "గలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో". లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు, గణానికి నాలుగు. విడగొడితే గలడుక, లండనె, డివాడు, కలడో, లేడో. నల, భ, జ, స, గగ. సున్న తీసేస్తే గలడుక, లడనెడి, వాడుక... ఈ పాదంలో మూడోది, అర పద్యం లెక్కలో ఆరో గణం, భగణమైపోయింది (గురువు, రెండు లఘువులు). అక్కడ నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) తప్ప పనికిరాదు. పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన యతి స్థానంలో "క" ఉండాల్సింది పోయి "ల" వచ్చింది. పాదం 19 మాత్రలకు పడిపోయింది. ఒక్క సున్నకు మూడు తప్పులు. పద్యం మీద చెయ్యి వేసే ముందు గణాలు కట్టుకోవాలి కదా.

బీటుకట్టు
నలగణం గారి లెక్క సరే, కానీ బీట్ వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా గట్టిది. కందం మొదటి పాదం 12 మాత్రలు, రెండోది 20. కలిపితే 32. పద్యం మొత్తం 64. ఒక మాత్రకు ఒక పదహారో వంతు నోటు, అంటే ఒక గడి ఇస్తే, బార్‌కు నాలుగు బీట్లు, పదహారు గడుల చొప్పున సరిగ్గా నాలుగు బార్లు, ఒక్క గడి మిగలదు, తగ్గదు. 90 బీపీఎంలో (నిమిషానికి 90 బీట్లు) మాత్ర 167 మిల్లీసెకన్లు, పద్యం 10.67 సెకన్లు.

ఇప్పుడు ప్రతి బార్ మొదటి గడిలో ఏ అక్షరం పడుతోందో చూడండి. ఒకటో బార్‌లో "క". రెండో బార్‌లో, రెండో పాదం "గలడందురు పరమయోగి గణముల పాలం"లో "దురుపర" దగ్గరి "దు". మూడో బార్‌లో "గ". ఈ మూడూ లఘువులే. నాలుగో బార్‌లో "లం". పద్యం మొత్తంలో బార్ తలమీద కూర్చున్న గురువు అదొక్కటే. పైగా "కలండు" అన్న మాట బార్ గీత మీద విరుగుతుంది: క ఇవతల, లం అవతల. ప్రొడ్యూసర్ ఎవరైనా ఆఖరి బార్ కిక్ డ్రమ్ దెబ్బను దానికిందే పెడతాడు. ఆ గురువును లఘువు చేస్తే డ్రాప్ (బీట్ విరుచుకుపడే చోటు) బోడిగా ఉంటుంది.

నలగణం
పోతన కిక్ కోసం సున్న పెట్టాడంటారా!

బీటుకట్టు
అనను. కానీ ఆరో గణం నియమం గురించి మీరే చెప్పండి. బ్యాక్‌బీట్ స్నేర్ (సరి బీట్ల డ్రమ్ దెబ్బ) 2, 4, 6, 8 బీట్ల మీద పడుతుంది. అర పద్యానికి ఎనిమిది గణాలు, ఎనిమిది బీట్లు. ఆరో చోట జగణమో నలమో తప్పదని ఛందస్సు శాసిస్తోంది, అంటే ఆ స్నేర్ కింద ఎప్పుడూ లఘువే. "మయోగి"లో స్నేర్ "మ" మీద పడి, బరువైన "యో" ఒక గడి వెనక వస్తుంది. "డివాడు"లోనూ అంతే. మాట స్నేర్‌కు కాస్త వెనక ఈడ్చినట్టు ఉండే ఆ నడక కోసం జనం హిప్ హాప్ ప్రొడ్యూసర్ జే డిల్లా ఆల్బమ్ "డోనట్స్" (2006) ముందు పెట్టుకుని గంటలు కొట్టుకుంటారు. కందంలో అది నియమం కిందే ఉంది. ఎనిమిదో బీట్ చివర గురువుతో ముగియాలన్నదీ రూలే, కాబట్టి ఊపిరి తీసుకునే చోటూ దొరుకుతుంది.

అరసున్న
"కలఁడు", "కలండు" రెండూ సాధువులే. "డు" ముందు బిందువు హ్రస్వం మీద పూర్ణమైనా (నిండు సున్న) ఖండమైనా (అరసున్న) చెల్లుతుంది. దీర్ఘం మీద సాధ్యపూర్ణం (వ్యాకరణ కార్యం వల్ల వచ్చే నిండు సున్న) లేదని చిన్నయసూరి. అందుకే వాఁడు, లేఁడు దగ్గర కవికి ఎంపిక లేదు, కలఁడు దగ్గర ఉంది. ఆ ఉన్నచోట ఒకే పాదంలో పక్కపక్కన రెండు రూపాలూ వాడుకున్నాడు. నలగణం గారు చెప్పని ఇంకో ముక్క: "దిశలను" ద్రుతాంతం (చివర నకారం ఉండి, తర్వాతి "క"ను "గ" చేసే మాట) కనుక మొదటిది "గలఁడు" అయింది, రెండోదాని ముందు ద్రుతం లేదు కనుక "క" నిలిచింది. ట్రాక్‌లో నాలుగు పాదాలకూ "క" పెట్టి పాడి ఉంటే సున్న కన్నా ముందు దాన్ని పట్టుకోవాలి.

తీగముక్క
అందరూ గాయకుడి మీద పడ్డారు. సున్న అతను పలికి ఉండొచ్చు, మిక్స్‌లో చచ్చిపోయి ఉండొచ్చు. అనునాసికం బలమంతా 250, 300 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, దాని పైన చాలా పలచన. 808 బాస్ డ్రమ్‌కు చోటివ్వడానికి గొంతు మీద హై పాస్‌ను (కింది ధ్వనులను కోసే ఫిల్టర్) 300 దాకా లాగితే ముందు పోయేది సున్నే, అచ్చులు నిక్షేపంగా ఉంటాయి. దానికి తోడు బీటుకట్టు గారన్నట్టు "లం" సరిగ్గా కిక్ కింద ఉంది. కిక్ పడ్డప్పుడల్లా గొంతును తగ్గించే సైడ్‌చెయిన్‌కు రిలీజ్ (గొంతు మళ్ళీ లేవడానికి పట్టే సమయం) 300 మిల్లీసెకన్లు పెట్టారనుకోండి, 333 మిల్లీసెకన్ల గురువులో పైకి తేలేది చివరి తోక ఒక్కటే. చెవి దాన్ని "కలడనెడి" అని పూరించుకుంటుంది.

మందు చెబుతాను. హై పాస్ 120 దగ్గర ఆపాలి. 808లోనే 250 చుట్టూ రెండు మూడు డెసిబెల్స్ తగ్గించాలి. సైడ్‌చెయిన్ గొంతుకు అసలొద్దు, తప్పదంటే రిలీజ్ 80 మిల్లీసెకన్లు దాటనివ్వొద్దు. తెలుగు ర్యాప్‌లో మాట తెలియడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం ఉచ్చారణవి కావు, ఇంగ్లిష్ గొంతులకు తయారైన ప్రీసెట్లవి. తెలుగులో సున్న పోతే మాత్రే పోతుంది.

నలగణం
మిక్స్ మింగితే ధ్వని పోవాలి, కాలం పోకూడదు. "ల" మొదలైన చోటునుంచి "డ" పేలిన చోటుకు కొలవండి. 333 ఉంటే గురువు, 167 ఉంటే లఘువు. దీనికి ఇంత వాదన దేనికి?

తీగముక్క
ముక్కలు కోసి గ్రిడ్‌కు అతికించిన గొంతు కాలాన్ని చెప్పదండీ. గాయకుడు లఘువే పలికినా, తర్వాతి ముక్కను సరైన గడిలో పెడితే దూరం 333 వస్తుంది. మధ్యలో ఏం నింపారన్నదే చూడాలి. ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో కాంప్లెక్స్ ప్రో అనే పద్ధతితో సాగదీసి ఉంటే "కలాడనెడి" అన్నట్టు అచ్చు సాగుతుంది. సాగదీయకుండా వదిలేస్తే గండి పడుతుంది. స్పెక్ట్రోగ్రామ్ తీసి "కలడందురు"లో "డం" ఎలా ఉందో చూసి, దాని పక్కన "లం" పెట్టండి. రెండు చోట్లా 250 దగ్గర పట్టీ లేకపోతే నేరం ఈక్యూది, అంటే ఆ ఫిల్టర్‌ది. "డం"లో ఉండి "లం"లో లేకపోతే గాయకుడిది.

బీటుకట్టు
"డం" కిక్ కింద లేదు, మూడో గడిలో ఉంది. పోలిక చెల్లదు.

తీగముక్క
నిజమే. "పాలం" తీసుకుందామన్నా అది స్నేర్ బీట్‌లో, పైగా పాదం చివర, రివర్బ్ తోకతో ఉంటుంది.

లూపువైద్యం
తప్పే కాదేమో. 63 మాత్రల పద్యాన్ని 64 గడుల బీట్ మీద తిప్పితే ప్రతి చుట్టుకూ పద్యం ఒక గడి ముందుకు జరుగుతుంది. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1965లో ఒక బోధకుడి గొంతును రెండు టేప్ లూపుల మీద పెట్టి, వాటిని మెల్లగా విడదీస్తూ పోయిన "ఇట్స్ గోనా రెయిన్" అందరికీ తెలిసిందే. అదే ఎత్తు. "కలడో లేడో" అన్న సందేహం బీట్‌లోనూ ఉండాలనుకుని ఒక మాత్ర కావాలనే దాచి ఉండొచ్చు. 63కూ 64కూ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి 64 చుట్లు తిరిగితే గానీ "క" మళ్ళీ మొదటి బార్ తల మీదికి రాదు. 90లో అది 11 నిమిషాల 12 సెకన్లు. మామూలు నిడివి ట్రాక్‌లో ఎప్పటికీ కలవదు.

బీటుకట్టు
తేలిగ్గా తేలుతుంది. రెండో చుట్టులో మొదటి "క" ఎక్కడ పడిందో వినండి. కిక్‌కు ఒక గడి ముందే వస్తే మీ మాట నిజం. కిక్ మీదే పడితే నాలుగు బార్లకోసారి క్లిప్‌ను మళ్ళీ మొదలుపెడుతున్నారు, ఫేజింగ్ (మీరన్న ఆ జారుడు) లేదు.

శ్రుతిపెట్టె
కిక్ మీదే పడుతోంది. అర్థం సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

లూపువైద్యం
కిక్ మీద పడినంత మాత్రాన ఉద్దేశం లేదనలేం. చుట్టు లోపల మాత్రం జారుతోందిగా.

ముత్యాలబేరి
కందాన్నే పట్టుకుని ఎందుకు వేలాడతారు? కందం నాలుగులో నడుస్తుంది, నాలుగు ఎవరైనా కొడతారు. గురజాడను ముట్టుకోరేం? "కొత్త పాతల మేలు కలయిక". కొత్త, పాతల, మేలు, కలయిక. మూడు, నాలుగు, మూడు, నాలుగు. పాదానికి 14 మాత్రలు, అంటే ఏడు గడుల బార్లు రెండు. ఎలక్ట్రానిక్ వాళ్ళు ఏడు కోసం ఎక్కడెక్కడో వెతుకుతుంటారు, 1910లో ఈయన ముత్యాలసరం కట్టి ఇచ్చాడు. చివరి పాదం "క్రొమ్మెరుంగులు జిమ్మగా" 12 మాత్రలే, రెండు గడులు ఖాళీ. అక్కడే ఫిల్ (చిన్న డ్రమ్ విరుపు) వెయ్యాలి, ఇంకెక్కడ వేసినా మాట మీద పడుతుంది. పాత రికార్డు కోసి కొత్త బీట్‌లో అతికే పనికి ఆ పాదమే నినాదంగా పెట్టుకోవచ్చు.

నలగణం
వేమన ఉండగా ఏడు దాకా ఎందుకు? ఆటవెలది సరిపాదాలు చూడండి. "చూడ చూడ రుచుల జాడ వేరు". అయిదు సూర్యగణాలు, అన్నీ మూడేసి మాత్రలు. ట్రాప్ (ఒక రకం హిప్ హాప్) కుర్రాళ్ళు ట్రిప్లెట్ ఫ్లో, అంటే బీట్‌కు మూడు అంటున్నది ఇదే.

బీటుకట్టు
అవును, కానీ అయిదు ట్రిప్లెట్లంటే అయిదు బీట్లు, బార్‌కు ఒకటి ఎక్కువ. బేసి పాదం ఇంకా చిక్కు. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు"లో మూడు సూర్యగణాల తర్వాత "నొక్కపో", "లికనుండు" అయిదేసి మాత్రలు. మూడు గడుల్లో అయిదు కుక్కితే గురువులు నలుగుతాయి. ఆ రెండు ఇంద్రగణాల దగ్గర ట్రిప్లెట్ వదిలి పదహారో వంతుల్లోకి రావాలి. లేదా అక్కడ బీట్ ఆపేసి గొంతు ఒక్కదాన్నే వదలాలి. నాకైతే రెండోదే నచ్చుతుంది.

స్వింగ్ సంగతీ ఇక్కడే అంటాను. ఎంపీసీ (బీట్లు కట్టే యంత్రం) స్వింగ్ 66 శాతం పెడితే రెండో గడి 53 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. పక్కపక్క లఘువుల్లో ఒకటి 220, ఇంకోటి 113 మిల్లీసెకన్లు. ఒకటి ఇంకోదానికి రెండింతలయితే అది చతురశ్రం (నాలుగు నడక) కాదు, తిశ్రమే (మూడు నడక). కందానికి 54, 56 దాటొద్దు. ఆటవెలదికి స్వింగే వద్దు.

అరసున్న
శ్రుతిపెట్టె గారూ, "అనెడివాఁడు" ఇక్కడ "అనబడేవాడు"యే. రాముడనేవాడు, సోముడనేవాడు అంటాం, అలాగే. కర్తర్థం (అంటున్నవాడు అన్న అర్థం) తీస్తే పై మూడు పాదాల్లోని "అందురు" ఒంటరిదైపోతుంది: "కలఁడందురు" అన్నవాళ్ళు లోకులు, నాలుగో పాదం ఆ లోకుల మాటకే జవాబు.

లూపువైద్యం
లోకులు అన్నదాన్నే మొరపెట్టుకుంటున్న ఏనుగు కూడా అంటోంది కదా. కర్తర్థం ఎందుకు కుదరదు?

నలగణం
కుదరదనడానికి ముందు ఆ "కలండు"లో సున్న ఉందో లేదో తేలాలి. సున్నతో పలికితే లోకుల మాటను ఉటంకించినట్టు, సున్న లేకుండా అయితే తన మాటే అన్నట్టు నా చెవికి వినిపిస్తుంది.

అరసున్న
ఏ వ్యాకరణంలో ఉందండీ అది?

తీగముక్క
ఎవరైనా ఆ ట్రాక్ అకాపెల్లా (గొంతు మాత్రమే ఉన్న రికార్డింగ్) సంపాదిస్తే చెప్పండి. మిక్స్ నుంచి గొంతును, వాద్యాలను విడదీసే సాఫ్ట్‌వేర్‌తో లాగింది మాత్రం పంపొద్దు, అది 808 పొరతో పాటు 250 హెర్ట్జ్‌నూ ఊడబెరికేస్తుంది, సున్న అసలే దొరకదు.